మండపం ముందు, సంబంధం తర్వాత: బౌల్ గేమ్‌కి వెళ్లడమంటే ఏమిటి?

2023 నవంబర్‌లో ఒక ఆదివారం విజయవాడలో ఉన్న నాన్నకి ఫోన్ చేసినప్పుడు, జనవరి ఒకటిన కాలిఫోర్నియాలో మ్యాచ్ చూడ్డానికి వెళ్లాలనుకుంటున్నానని, హోటల్ కూడా బుక్ చేశానని చెప్పాను. "ఎవరికీ ఎవరికీ మ్యాచ్?" అన్నారు. ఇంకా తెలియదన్నాను. "మీ కాలేజీ అన్నా ఆడుతుందా?" అదీ ఖాయం కాదన్నాను. కాసేపు ఆగి, "అయితే కల్యాణ మండపం మాట్లాడేసి, ముహూర్తం పెట్టేసి, ఆ తర్వాత సంబంధాలు చూస్తారన్నమాట" అన్నారు.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో బౌల్ గేమ్ అంటే ఏమిటో ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం. ఊరు ఖాయం, స్టేడియం ఖాయం, తేదీ ఖాయం. ఆడేది ఎవరో మాత్రం చివరిదాకా తేలదు. ఫ్లైట్ ఎప్పుడు కొనాలి, టికెట్ ఎక్కడ దొరుకుతుంది, పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు... అభిమాని పడే తిప్పలన్నీ ఈ ఒక్క విషయం నుంచే పుడతాయి. పై చదువులకి అమెరికా వచ్చే మన పిల్లల్లో చాలామందికి మొదటి ఏడాదే ఈ ఆట పట్టుకుంటుంది. డిసెంబర్ వచ్చేసరికి "బౌల్‌కి వెళ్దామా" అన్న మాట మొదలవుతుంది, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. మిషిగన్ యూనివర్సిటీలో ఎమ్మెస్‌కి చేరినప్పుడు నా పరిస్థితీ అదే. అందుకే ఈ ముడి విప్పి చెప్పాలనిపించింది.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది కాదు. రెండు కొసలూ మొనదేలిన బంతిని చేత్తో విసురుతూ, చంకలో పెట్టుకుని పరిగెడుతూ అవతలి గీత దాటించాలి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి, లేకపోతే బంతి ఎదుటివాళ్లది. గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఆపైన బంతిని స్తంభాల మధ్య నుంచి తంతే ఇంకొకటి. టచ్‌డౌన్ కుదరనప్పుడు దూరం నుంచే అలా తంతే మూడు. ఆడేది కాలేజీ విద్యార్థులు, చూసేది మాత్రం లక్షమంది. యాన్ ఆర్బర్‌లో మా యూనివర్సిటీ స్టేడియంలో పట్టేది 1,07,601 మంది. ఇది ముందుగా మనసుకి పట్టించుకుంటే తప్ప మిగతాదేదీ అర్థం కాదు.

ఇక మండపం ముందు ఎందుకొచ్చింది? దానికి కారణం ఆట కాదు, ఊరు. లాస్ ఏంజెలెస్ పక్కనున్న పాసడీనాలో 1890 జనవరి 1న వ్యాలీ హంట్ క్లబ్ వాళ్లు పూల ఊరేగింపు మొదలుపెట్టారు. తూర్పు రాష్ట్రాలు మంచులో కూరుకుపోయి ఉండే రోజుల్లో మా ఊళ్లో గులాబీలు పూస్తాయని లోకానికి చూపించుకోవడం వాళ్ల ఉద్దేశం. ఆ ఊరేగింపుకి ఇంకా జనాన్ని రప్పించాలని 1902లో ఫుట్‌బాల్ మ్యాచ్ పెట్టారు. మిషిగన్ 49-0తో గెలిచింది. స్టాన్‌ఫర్డ్ జట్టు ఆట పూర్తికాకుండానే చేతులెత్తేసింది. అంత ఏకపక్షంగా సాగేసరికి నిర్వాహకులకి మళ్లీ ఫుట్‌బాల్ పెట్టాలన్న ఉత్సాహం పోయింది. కొన్నేళ్లు దాని బదులు రథాల పందేలు కూడా నడిపారు. 1916లో ఫుట్‌బాల్ తిరిగొచ్చింది. అప్పటి నుంచి ఆగలేదు.

జనం పెరిగాక అరోయో సెకో అనే లోయలాంటి పల్లంలో మైరన్ హంట్ అనే ఆర్కిటెక్ట్ గీసిన స్టేడియం 1922లో తయారైంది. దానికి రోజ్ బౌల్ అని పేరు పెట్టారు. బౌల్ అంటే గిన్నె. 1923 జనవరి 1న అందులో జరిగిన మొదటి న్యూ ఇయర్ మ్యాచ్‌లో యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ), పెన్ స్టేట్ మీద 14-3తో గెలిచింది. స్టేడియం పేరే మ్యాచ్ పేరైంది. ఆ తర్వాత మయామిలో ఆరెంజ్ బౌల్, న్యూ ఆర్లీన్స్‌లో షుగర్ బౌల్ (రెండూ 1935), డాలస్‌లో కాటన్ బౌల్ (1937) వచ్చాయి. ఏ ఊళ్లో ఏది పండితే దాని పేరు. చలికాలంలో వెచ్చగా ఉండే ఊరు, హోటళ్లు నింపుకోవాలన్న ఆశ, దూరం నుంచి వచ్చే రెండు జట్లు, వాటి వెంట కదిలొచ్చే వేలమంది. బౌల్ అంటే మొదటి నుంచీ ఇదే. అందుకే బౌల్ నిర్వాహకులు జట్టు బలం ఎంత చూసేవారో, ఆ జట్టు అభిమానులు ప్రయాణాలు చేస్తారా లేదా అన్నదీ అంత చూసేవారు. మన జాతరకి పక్క ఊళ్ల నుంచి బళ్లు ఎన్నొస్తాయో లెక్కేసుకునే పెద్దలకి ఈ ఆలోచన వెంటనే అర్థమవుతుంది.

ఇలా మొదలైన దానికి ఒక పెద్ద చిక్కు ఉంది. ఎవరికి వారు తమ ఒప్పందాల ప్రకారం జట్లను పిలుచుకుంటుంటే, దేశంలో అందరికంటే మంచి జట్టు ఏదో తేల్చేదెవరు? రెండో ప్రపంచయుద్ధం అయిన దగ్గర్నుంచీ రోజ్ బౌల్‌కి బిగ్ టెన్ అనే యూనివర్సిటీల కూటమి నుంచి ఒక జట్టు, పసిఫిక్ తీరం కూటమి నుంచి ఒక జట్టు రావడం ఒప్పందంగా ఉండేది. 1997 సీజన్‌లో మిషిగన్, నెబ్రాస్కా రెండూ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. కానీ మిషిగన్ రోజ్ బౌల్‌కి, నెబ్రాస్కా ఆరెంజ్ బౌల్‌కి వెళ్లాయి. రెండూ గెలిచాయి. విలేకరుల ఓటింగ్‌లో మిషిగన్, కోచ్‌ల ఓటింగ్‌లో నెబ్రాస్కా ఛాంపియన్లయ్యాయి. ఆ రెండూ ఎదురుపడి ఉంటే ఎవరు గెలిచేవారో అని మా యాన్ ఆర్బర్‌లో ఇప్పటికీ వాదించుకుంటారు.

మరుసటి ఏడాది, 1998లో, ఓటింగ్‌నీ కంప్యూటర్ లెక్కల్నీ కలిపి మొదటి రెండు స్థానాల వాళ్లకి ఫైనల్ పెట్టే పద్ధతి వచ్చింది. 2014 సీజన్ నుంచి నాలుగు జట్ల ప్లేఆఫ్, అంటే ఓడినవాళ్లు ఇంటికెళ్లే పోటీ. 2024 నుంచి పన్నెండు జట్లు. జట్లను ఎంచేది 13 మంది కమిటీ, డిసెంబర్ మొదట్లో ఒక ఆదివారం ప్రకటిస్తుంది. మొదటి నాలుగు జట్లకి తొలి రౌండ్ ఉండదు, మిగతా ఎనిమిదీ మెరుగైన జట్టు సొంత మైదానంలో ఆడతాయి. ఆ తర్వాతి క్వార్టర్ ఫైనల్స్, సెమీ ఫైనల్స్ రోజ్, షుగర్, ఆరెంజ్, కాటన్, పీచ్, ఫియెస్టా అనే ఆరు పెద్ద బౌల్స్‌లో జరుగుతాయి. ఫైనల్ వేరే ఊళ్లో. అంటే పాత మండపాలన్నీ అలాగే ఉన్నాయి, వాటిని ఒక టోర్నమెంట్‌కి దారంలా గుచ్చారు.

ఇక్కడే అభిమాని జీవితం మారిపోయింది. ఒకప్పుడు బౌల్ అంటే సీజన్ మొత్తానికి దక్కిన బహుమతి. డిసెంబర్ మొదట్లో తెలిసేది, న్యూ ఇయర్‌కి కుటుంబంతో వెళ్లేవాళ్లు, గెలిచినా ఓడినా సీజన్ అక్కడితో అయిపోయేది. ఇప్పుడది మెట్లదారిలో ఒక మెట్టు. ఒహాయో స్టేట్ సంగతి చూడండి (మిషిగన్ వాళ్లం వాళ్ల పేరు తలుచుకోవడానికి ఇష్టపడం, అయినా ఉదాహరణ అంత బాగుంది). 2024 డిసెంబర్ 21న సొంత ఊరు కొలంబస్‌లో టెనెసీ మీద గెలిచారు. పదకొండు రోజుల్లో, జనవరి 1న, పాసడీనాలో ఆరెగన్ మీద 41-21. జనవరి 10న టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో సెమీ ఫైనల్. జనవరి 20న అట్లాంటాలో ఫైనల్, అదీ గెలిచి ఛాంపియన్లయ్యారు. నెల రోజుల్లో నాలుగు మ్యాచ్‌లు, మూడు దూర ప్రయాణాలు. ఒక్కో ప్రయాణానికీ ముందు మ్యాచ్ గెలిచేదాకా టికెట్ కొనాలా వద్దా అనే టెన్షన్. అన్నిటికీ వెళ్లగలిగినవాళ్లు ఎంతమంది ఉంటారు? మధ్యతరగతి కుటుంబం ఏదో ఒకటి ఎంచుకోవాలి. పాసడీనాకి వెళ్తే ఫైనల్‌కి డబ్బు మిగలదు, ఫైనల్ కోసం దాచుకుంటే జట్టు అక్కడిదాకా రాకపోవచ్చు. పన్నెండు జట్ల పద్ధతి ఆటకి న్యాయం చేసిందనే నేననుకుంటాను. అభిమానికి మాత్రం దానివల్ల భారం పెరిగింది, ఆ మాట టీవీలో ఎవరూ పెద్దగా మాట్లాడరు.

డబ్బుకి లొంగని అనిశ్చితీ ఒకటుంది. 2025 జనవరి 1 తెల్లవారుజామున న్యూ ఆర్లీన్స్ బర్బన్ స్ట్రీట్‌లో ఒకడు జనం మీదికి ట్రక్కు తోలి 14 మందిని పొట్టన పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం అదే ఊళ్లో జరగాల్సిన షుగర్ బౌల్‌ని ఒక రోజు వాయిదా వేశారు. అంత దుఃఖం ముందు మ్యాచ్ ఎంత? వాయిదా వేయడమే సరైన పని. కానీ రెండో తేదీ పొద్దున ఫ్లైట్ ఉన్నవాళ్లు ఆట చూడకుండానే తిరిగి వెళ్లాల్సి వచ్చింది. అందుకే ఎవరడిగినా ఒకటే చెప్తాను: మ్యాచ్ మర్నాడు పొద్దున్నే రిటర్న్ పెట్టుకోకండి. రోజ్ బౌల్‌కైతే ఇంకో తిరకాసు ఉంది. జనవరి 1 ఆదివారం పడితే ఊరేగింపు, మ్యాచ్ రెండూ రెండో తేదీకి మారతాయి. 2017లో, 2023లో అలాగే జరిగింది.

పెద్ద బౌల్స్ ఆరే అయినా అన్నీ కలిపి సుమారు నలభై బౌల్స్ ఉన్నాయి. సీజన్‌లో ఆరు మ్యాచ్‌లు గెలిచిన జట్టుకి సాధారణంగా ఏదో ఒక దాంట్లో చోటు దొరుకుతుంది. ప్లేఆఫ్‌తో సంబంధం లేని బౌల్స్‌కి వెళ్లేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. మీరు ఎవరి ఆట చూడాలని వెళ్తున్నారో ఆ ఆటగాడు ఆ రోజు ఆడకపోవచ్చు. ప్రొఫెషనల్ లీగ్‌కి వెళ్లబోయేవాళ్లు దెబ్బలు తగుల్తాయని బౌల్ మానేయడం 2016లో లెనర్డ్ ఫోర్నెట్, క్రిస్టియన్ మెకాఫ్రీ అనే ఆటగాళ్లతో గట్టిగా మొదలైంది. 2023లో ఫ్లారిడా స్టేట్ 13 మ్యాచ్‌లూ గెలిచినా ప్లేఆఫ్‌కి తీసుకోలేదు. ఆ తర్వాత చాలామంది ఆటగాళ్లు తప్పుకోగా మిగిలినవాళ్లతో, ఆ ఏడాది ప్లేఆఫ్‌లో భాగం కాని ఆరెంజ్ బౌల్ ఆడి జార్జియా చేతిలో 63-3తో ఓడింది. ఆ స్టాండ్స్‌లో కూర్చున్న ఫ్లారిడా స్టేట్ అభిమానుల్ని తలుచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది.

ఇప్పుడు టికెట్. ఇది మూడు దారుల్లో వస్తుంది. మొదటిది యూనివర్సిటీ కోటా. ఆడబోయే రెండు యూనివర్సిటీలకీ కొన్ని వేల టికెట్లు ఇస్తారు. అవి ముందు సీజన్ టికెట్లు ఉన్నవాళ్లకి, క్రీడా విభాగానికి విరాళాలిచ్చినవాళ్లకి, ఆ తర్వాత విద్యార్థులకి, పూర్వ విద్యార్థులకి వెళ్తాయి. పెద్ద విరాళం, ఎక్కువ ఏళ్ల అనుబంధం ఉంటే మంచి సీటు. ఒకప్పుడు ఈ కోటా యూనివర్సిటీల మెడకే చుట్టుకునేది. 2011 ఫియెస్టా బౌల్‌కి వెళ్లిన కనెటికట్, ఒప్పందం ప్రకారం 17,500 టికెట్లకి బాధ్యత తీసుకోవాల్సి వచ్చింది. వాటిలో చాలావరకు అమ్ముడుపోలేదు, నష్టం పది లక్షల డాలర్లు దాటింది. రెండో దారి బౌల్ నిర్వాహకులు నేరుగా అమ్మేవి. ఆడే జట్లతో పని లేకుండా ప్రతి ఏడాదీ వచ్చే స్థానికులు ఇక్కడ కొంటారు, జట్లు తేలకముందే. మూడోది రీసేల్, అంటే ఒకళ్లు కొన్నది ఇంకొకళ్లకి అమ్మడం. జట్లు ప్రకటించిన ఆదివారం రాత్రి ఇక్కడ ధరలు ఎగిసిపడతాయి. ఒక జట్టు అభిమానులు దూరం అని ఆగిపోతే చివరి రోజుల్లో దిగుతాయి, రెండు జట్లవాళ్లూ ఎగబడితే దిగవు. నేను వెళ్లిన ఏడాది రోజ్ బౌల్ సెమీ ఫైనల్, ఆడింది మా మిషిగన్, అలబామా. ఇక దిగే ఆశే లేదు.

ధర కంటే ముఖ్యమైన సంగతి నాకు తెలియక తప్పు చేశాను. స్టేడియంలో ఒక సగం ఒక జట్టుది, రెండో సగం రెండో జట్టుది. యూనివర్సిటీ కోటాలో కొంటే మనవాళ్ల మధ్యే సీటు వస్తుంది. రీసేల్‌లో కొంటే ఆ సెక్షన్ ఎవరిదో మనమే చూసుకోవాలి. నేను ధర మాత్రమే చూశాను. 2024 జనవరి 1 మధ్యాహ్నం వెళ్లి చూస్తే నా చుట్టూ అంతా అలబామా జేగురు రంగు. మధ్యలో పసుపు టోపీ, నీలం స్వెటర్‌తో నేనొక్కణ్ణే.

ఆ రోజు ఎలా నడుస్తుందో చెప్పాలి. పొద్దున ఎనిమిదింటికి కొలరాడో బులెవార్డ్ మీద ఐదున్నర మైళ్ల ఊరేగింపు. ఆ శకటాల్లో కంటికి కనబడే ప్రతి అంగుళం పూలతో, గింజలతో, ఆకులతో, బెరడుతో కప్పాలన్నది నియమం. ముందు రాత్రే దుప్పట్లు, కుర్చీలు తెచ్చుకుని పేవ్‌మెంట్ మీద పడుకునేవాళ్లు వేలల్లో ఉంటారు. చుట్టూ రోడ్లన్నీ మూసేస్తారు కాబట్టి ఊరేగింపు, మ్యాచ్ రెండూ చూడాలంటే కాళ్లలో సత్తువ ఉండాలి. 2026 నుంచి మ్యాచ్ రెండింటికి బదులు ఒంటిగంటకే మొదలవుతోంది, కాబట్టి ఇంకా హడావుడి. స్టేడియం దాకా రైలు లేదు. ఓల్డ్ పాసడీనాలో దిగి షటిల్ బస్సెక్కాలి. కారులో వస్తే పక్కనున్న గోల్ఫ్ కోర్స్ గడ్డి మీదే పార్కింగ్. అక్కడ పొద్దుటినుంచే డిక్కీలు తెరిచి, పొయ్యిలు పెట్టి వండుకుని, తెలియనివాళ్లకీ పళ్లేల్లో పెట్టి ఇస్తారు. బ్యాగ్ లోపల ఏముందో కనబడేలా పారదర్శకంగా ఉంటేనే లోపలికి రానిస్తారు. టికెట్ ఫోన్‌లో ఉంటుంది, ఛార్జింగ్ చూసుకోండి.

లోపలికి వెళ్లే దారి ఇరుకైన సొరంగం. వందేళ్ల కిందటి కొలతలు, భుజం భుజం రాసుకుంటూ చీకట్లో నడవాలి. పది నిమిషాలు పట్టింది. ఒక్కసారి వెలుతురు. కింద ఆకుపచ్చ మైదానం, మధ్యలో ఎర్ర గులాబీ బొమ్మ, ఎదురుగా శాన్ గాబ్రియెల్ కొండలు. నా ముందున్న పెద్దాయన ఆగి టోపీ తీసేశారు. వెనక జనం తోసుకోలేదు, ఆయన కదిలేదాకా ఆగారు. మా సెక్షన్‌లో సీట్లు బెంచీలే, ఒక్కో మనిషికి ఒక నంబరు. కోటు వేసుకుంటే పక్కవాళ్లకి తగుల్తుంది.

నా పక్కన అలబామా యూనివర్సిటీ ఉన్న ఊరు టస్కలూసా నుంచి వచ్చిన వృద్ధ దంపతులు. నా టోపీ చూసి ఆవిడ నవ్వి, "అబ్బాయీ, ఇవాళ నీకు కష్టమే" అన్నారు. కొండల మీద ఎండ గులాబీ రంగుకి తిరిగి, తర్వాత ఊదాగా మారి, ఐదున్నరకల్లా చీకటి పడింది. పగలు వెచ్చగా ఉండి రాత్రికి అంత చలేస్తుందని నేననుకోలేదు. ఆవిడ తన జేగురు రంగు దుప్పటి సగం నా కాళ్ల మీద కూడా కప్పారు. ఆ దుప్పటి కిందే కూర్చుని, అలబామా 20-13 ఆధిక్యంలో ఉండగా, ఇక నిమిషం 34 సెకన్లే మిగిలినప్పుడు మా జట్టు స్కోరు సమం చేయడం చూశాను. అరవబోయి ఆపుకున్నాను. "అరిచెయ్, నీ జట్టేగా" అన్నారు ఆ పెద్దాయన.

అదనపు ఆటలో రెండు జట్లకీ 25 గజాల దూరం నుంచి చెరో అవకాశం ఇస్తారు. మిషిగన్ రెండో ప్రయత్నంలోనే గీత దాటింది. అలబామా మూడు గజాల దూరానికి వచ్చింది, నాలుగో ప్రయత్నం, ఆఖరిది. 96,371 మంది నిలబడ్డారు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని దాడిని నడిపే ఆటగాడు) జేలన్ మిల్రో బంతి పట్టుకుని నేరుగా మధ్యలోకి దూసుకొచ్చాడు. గీత దగ్గర మనుషుల కుప్ప. ఒక్క క్షణం రెండు వైపులా ఎవరికీ ఏమీ తెలియలేదు. ఎదుటి సగంలో పసుపు రంగు ఎగిరింది. 27-20. నా పక్కన ఆవిడ దుప్పటి మడత పెట్టుకుంటూ, "హ్యూస్టన్‌కి వెళ్తావా?" అని అడిగారు.

ఫైనల్ హ్యూస్టన్‌లో, జనవరి 8న. వారం రోజులు. షటిల్ కోసం గంటకి పైగా లైన్‌లో నిలబడితే, నా ముందూ వెనకా అందరి చేతుల్లో ఫోన్లు, అన్నిట్లో హ్యూస్టన్ ఫ్లైట్లే. ఒకాయన ఆగస్టులోనే అక్కడ హోటల్ తీసి పెట్టుకున్నానని పక్కవాళ్లకి చెప్తున్నాడు, వాళ్లు ఆయన్ని అసూయగా చూస్తున్నారు. విజయవాడలో అప్పటికి రెండో తేదీ పొద్దున. నాన్న మెసేజ్ పెట్టారు: "గెలిచారట కదా. ఫైనల్ ఎవరితో?"

న్యూ ఆర్లీన్స్‌లో వాషింగ్టన్, టెక్సస్ సెమీ ఫైనల్ అప్పుడే మొదలైంది. "ఇంకా తెలియదు నాన్నా" అని కొట్టి, నేనూ ఫ్లైట్లు చూడ్డం మొదలుపెట్టాను.